రెండు గంటల వాన

నాలుగొందల ఎనభై రూపాయలు పెట్టి
ఒక లంకను కొన్నాను.
ఖాజావలి చెప్పాడు:
"కాల్చేదీ చంపేదీ ఉండదు మామా,
ఊరికే నడుస్తావంతే. ఏడుపొస్తది చూడు."
మార్కాపురంలో మే నెల రాత్రి,
కూలర్లో నీళ్ళు కూడా వేడెక్కినాక,
నాలుగింటికి ట్యాంకరొచ్చేదాకా నిద్రెటూ పట్టదని
చెవులకు తగిలించుకుని మొదలుపెట్టాను.

లంకలో వాన.
అదొక్కటే బాగుంది, ముందే చెప్పేస్తున్నా.
రేకుల మీద ఒక రకంగా, ఆకుల మీద ఒక రకంగా,
పడవ బోర్లించిన చోట ఇంకో రకంగా పడింది.
చేసినవాడెవడో వానను ఎరిగినవాడు.

మిగతాదంతా నడక.
పరుగు లేదు.
మోకాలెత్తు కంచె దాటడానికి లేదు.
కప్పు చేతిలోకి తీసుకుని గుండ్రంగా తిప్పి చూడొచ్చు,
తాగడానికి లేదు.
మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ అట,
అందులో మాయమైన మనిషి అట,
ఆయన కూతురిని నేనట.

ప్రతి సొరుగులో ఒక ఉత్తరం.
నేనే వరసలో వస్తానో ముందే తెలిసినట్టు
మొదటి సొరుగులో మొదటి సంగతి,
రెండో దాంట్లో రెండోది.
చెద పట్టలేదు. అంత వానలో సిరా చెదరలేదు.
చివర్న తాళమేసిన గది.
దాని చుట్టూనే తిప్పారు రెండు గంటలూ.
లోపలేముందోనని మంచినీళ్ళకి కూడా లేవలేదు నేను.

తలుపు దానంతటదే తెరుచుకుంది.
ఒక కుర్చీ. ఒక గొంతు.
ఎందుకు పోయాడో, ఎవర్ని క్షమించాడో
పూసగుచ్చినట్టు చెప్పేసి
తెల్లటి వెలుగు.
తర్వాత పేర్లు, పేర్లు, పేర్లు.

ఏడుపు రాలేదు ఖాజా.
కోపమొచ్చింది.

తర్లుపాడు రోడ్డులో పిచ్చయ్య పెదనాయన షెడ్డు
తాళం తీసింది నేనే,
నిరుడు, ఆయన పోయిన పదహారో రోజు.
కోత మిషను మీద బూడిదరంగు దుమ్ము.
సొరుగులు మూడు.
మొదటిది బిగుసుకుపోయింది. రేకుముక్కతో ఎత్తితే
కరెంటు బిల్లులు, సాగిపోయిన రబ్బరు బ్యాండ్లు,
దగ్గు మాత్రల ఖాళీ అట్ట.
రెండో దాంట్లో పళ్ళూడిన దువ్వెన.
మూడో దాంట్లో ఏమీ లేదు.
మళ్ళీ తీశాను, మోచేతిదాకా పెట్టి తడిమాను.

గోడ పొడవునా పలకలు,
చట్రం బిగించినవీ బిగించనివీ.
నలభై ఏళ్ళు లక్షల పలకలు కోసిన మనిషి
ఒక్కదాని మీదా ఒక్క ముక్క రాసిపెట్టలేదు,
బాకీ ఎంతో, ఎవరికో,
పెద్దమ్మతో ఆ ఏడేళ్ళు ఎందుకు మాట్లాడలేదో.
ఒక్కోటీ తీసి వెలుతురుకి పట్టి చూశాను.
ఒకదాని మీద వేలిముద్ర కనపడింది.
అది నాదే.

అందుకే ఆ ఉత్తరాల మనిషి నాకు నచ్చలేదు.
అట్లా పోయేవాడు ఎవడుంటాడు,
సొరుగు సొరుగుకీ సంజాయిషీ సర్దిపెట్టి?

డబ్బులు దండగని రెండోసారి మొదలుపెట్టాను.
ఈసారి ఒక్క ఉత్తరమూ చదవలేదు.
ఆఖరి తలుపు దాకా పోయి
చూరు కింద నిలబడిపోయాను.
చెవులు చెమట పట్టి వైరు పీకేస్తే
లాప్‌టాప్ జీరగొంతుతో వాన
గదంతా, వసారా అంతా.

అవతల మంచం మీద పెద్దమ్మ దిగ్గున లేచింది.
"అబ్బయ్యా, వానరా! దండెం మీద గుడ్డలు!"

నేను ఆపు నొక్కలేదు.
బయటికెళ్ళి గుడ్డలు తెచ్చాను.
ఒక్క మబ్బు లేదు. గుడ్డలు పెళపెళలాడుతున్నాయి,
పొయ్యి మీంచి తీసినట్టు వెచ్చగా.
వాటిల్లో పెదనాయన చొక్కా ఒకటి,
గీతల చొక్కా, జేబు దగ్గర కుట్టేసింది.
ఏడాదిగా ఉతికి ఆరేస్తోందని
నాకు తెలియదు.

"తడిసినయ్యా?" అని అడిగింది చీకట్లోంచి.
కొంచెం, అన్నాను.